ఇంజన్ ఆన్‌లో ఉంటేనే పనిచేసే మీ సాకెట్ గురించి ఫిర్యాదు

కస్టమర్ కేర్ హెడ్ గారికి,

విషయం: అనంతపురంలో మీ ఫిట్టింగ్ సెంటర్ వాళ్ళు నా కారు డిక్కీలో బిగించిన ఎక్స్‌ట్రా 12 వోల్టుల సాకెట్, దానివల్ల పోయిన టీకాలు, మార్చిన ఫ్యూజు.

సార్, మీ టోల్ ఫ్రీ నంబరుకు మూడుసార్లు ఫోన్ చేసినా. మూడుసార్లూ మీ కంప్లైంట్ రిజిస్టర్ అయింది అని మెసేజ్ వచ్చింది, ఆ తర్వాత ఒకరోజు మీ కంప్లైంట్ క్లోజ్ అయింది అని ఇంకో మెసేజ్. ఎవరొచ్చి చూసినారో ఏం క్లోజ్ చేసినారో నాకైతే తెలీదు, సాకెట్ మాత్రం అట్లే ఉండె. అందుకే ఫోన్లు చాలించి ఇది రాస్తున్నా, పొడుగైనా చివరిదాకా చదవండి.

నాకు ఈడ పశువుల మందుల షాపు ఉంది. షాపు తెరవకముందే మా డాక్టర్ సార్‌ను ఎక్కించుకుని కూడేరు, ఉరవకొండ పక్క ఊర్లకు గొర్రెల టీకాలు తీసుకుపోతుంటా. (నేను డాక్టర్ను కాను, అయినా ఊర్లో టీకా డబ్బా మోసేవాడు కూడా డాక్టరే, ఎన్నిసార్లు చెప్పినా వినరు.) వానలు పడకముందే చిటుక రోగం టీకా అయిపోవాల, లేదంటే తొలకరికి లేత గడ్డి మేసి, సాయంత్రం బాగున్న జీవం తెల్లారేసరికి కాళ్ళు చాపి పడుంటుంది. ఈ టీకాలన్నీ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల. ఇంతకుముందు థర్మాకోల్ డబ్బాలో ఐసు పెట్టి పోతుంటి, కానీ చిటుక రోగం మందు గడ్డకట్టినా పనికిరాదు, ఐసు తగిలిన సీసా ఒకటి, ఎండ తగిలిన సీసా ఒకటి, ఇట్ల పారేసి పారేసి విసుగొచ్చి చివరికి అప్పుచేసి కారులో పెట్టుకునే కంప్రెసర్ ఫ్రిజ్ కొన్నా. అది తీసుకునేది 5 ఆంప్సే. దానికోసమే మీ సాకెట్.

మీ డబ్బా మీద ఏం రాసినారో ఒకసారి మీరే చూడండి. 12 వోల్టులు, 20 ఆంప్స్, వైరు కోయకుండా ఫిట్టింగ్. అంటే 240 వాట్లు లాగినా ఏం కాదని కదా అర్థం. నా ఫ్రిజ్ దాంట్లో పావు వంతు. ఫిబ్రవరిలో కిట్ 1,450, ఫిట్టింగ్ 900, మొత్తం 2,350 కట్టి బిల్లు తీసుకున్నా. ఫ్రిజ్‌కని ముందే చెప్పినా, సెంటర్‌లో పిల్లోడు ‘ఏం భయంలేదన్నా, మన సాకెట్‌కు ఏసీ పెట్టినా లాగుతుంది’ అన్నాడు. అయిపోయినాక ఇంజన్ స్టార్ట్ చేసి, సాకెట్‌లో ఫోన్ చార్జర్ పెట్టి, నీలం లైటు వెలిగేది చూపించి, ఓకే అన్నా అన్నాడు. నేనూ ఓకే అనేసినా, నా తప్పేమన్నా ఉంటే అదొక్కటే. ఫోన్ చార్జర్ బ్యాటరీ నుంచి లాగేది ఒక ఆంప్ కూడా ఉండదు, దాన్ని పెట్టి చూపిస్తే దారం కట్టినా పనిచేస్తుందేమో.

మార్చి అంతా పెద్దగా తెలీలేదు, ఊరికీ ఊరికీ మధ్య బండి నడుస్తానే ఉండె. ఏప్రిల్ 27న కూడేరు అవతల ఒక దొడ్డి కాడికి తెల్లారి అయిదున్నరకు పోయినాం, 340 జీవాలు. మంద మేతకు పోకముందే అయిపోవాలని కాపర్లు తొందర, ఇంజన్ సౌండుకు గొర్రెలు బెదిరి కంప మీద పడతాయని బండి ఆపేసినా. ఒక్కో దాన్ని పట్టుకునేవాడు పట్టుకుంటాంటే, పొడిచేవాడు పొడుస్తాంటే, ఎనిమిదిన్నర అయింది. రెండో మందకు సీసాలు తీద్దామని డిక్కీ ఎత్తి చూస్తే ఫ్రిజ్ డిస్‌ప్లే నల్లగా ఉండాది. సాకెట్‌లో మీ నీలం లైటు మాత్రం దివ్యంగా వెలుగుతాంది! ఇంజన్ స్టార్ట్ చేస్తే ఫ్రిజ్ లేచింది, లోపల 19 డిగ్రీలు చూపించింది. డాక్టర్ సార్ సీసా చేతిలో పట్టుకుని నా ముఖం చూసినాడు, పారేయ్ అన్నాడు. 4,200 రూపాయల మందు. రెండో మంద యజమాని పాపం కూలి మనుషుల్ని పెట్టుకుని కూర్చుని ఉండె, ఆయనకు ఏం చెప్పాల నేను, సాకెట్ కంపెనీ వాళ్ళు సన్న వైరు వేసినారన్నా అని చెప్పాల్నా?

మీ సెంటర్‌కు పోతే మళ్ళీ అదే పిల్లోడు ఇంజన్ స్టార్ట్ చేసి, ఫ్రిజ్ ఆన్ అయ్యేది చూపించి, పనిచేస్తాంది కదన్నా, ఇంజన్ ఆన్‌లో పెట్టుకోండి అన్నాడు. మూడు గంటలు దొడ్డి కాడ డీజిల్ కాల్చమని! మీ కస్టమర్ కేర్ మేడమ్ ఇంకా మేలు, ఫ్రిజ్‌లో ఓల్టేజ్ సెట్టింగ్ తగ్గించుకోండి సార్ అంది. మేడమ్‌కు తెలీదేమో, ఆ సెట్టింగు పెట్టింది కారు బ్యాటరీ పూర్తిగా దిగిపోకుండా కాపాడేదానికి, మీ వైరును కాపాడేదానికి కాదు.

అసలు కథ మా పాత ఆటో ఎలక్ట్రీషియన్ అన్న విప్పితే తెలిసింది. మీటరు పెట్టినాడు. ఇంజన్ ఆపి ఫ్రిజ్ నడిపిస్తే బ్యాటరీ దగ్గర 12.4, డిక్కీలో మీ సాకెట్ దగ్గర 10.9. మధ్యలో ఒకటిన్నర వోల్టు యాడికి పోయింది? నా ఫ్రిజ్ 11.1 కిందికి వస్తే బ్యాటరీ అయిపోతాందనుకుని ఆగిపోతుంది, దాని తప్పేముంది. ఇంజన్ ఆన్ చేస్తే బ్యాటరీ దగ్గర 13.9, సాకెట్ దగ్గర 12.4, కాబట్టి నడుస్తుంది. అందుకే మీ సెంటర్‌లో ఎప్పుడు చూసినా బ్రహ్మాండంగా పనిచేస్తుంది, దొడ్డి కాడ చస్తుంది.

డోరు కింద ప్లాస్టిక్ పట్టీ పీకి, కార్పెట్ ఎత్తితే వైరు బయటపడింది. అర స్క్వేర్ ఎంఎం వైరు సార్! బొమ్మ కారుకు వేసేంత. డాష్‌బోర్డు నుంచి డిక్కీదాకా పోనూ రానూ తొమ్మిది మీటర్లు, దాంట్లోంచి 5 ఆంప్స్ పోతే అంత వోల్టేజ్ పడిపోక ఏమవుతుంది, అదే రెండున్నర ఎంఎం వేసింటే అర వోల్టు కూడా పోదు. సరే అది ఎత్తినాం కదా అని ముందుకుపోతే, ముందు సాకెట్ వెనక కంపెనీ వైరును బ్లేడుతో చెక్కి, మీ వైరు దానికి మెలేసి, నల్ల టేపు చుట్టినారు. వైరు కోయకుండా ఫిట్టింగ్ అంటే ఇదేనా? మా ఊరి ఎండకు ఆ టేపు జిగురంతా కరిగి కారింది, ముట్టుకుంటే వేళ్ళకు బంకగా అంటుకుని కిరసనాయిలు పెట్టి తుడిస్తే గానీ పోలేదు, లోపల మెలేసిన చోట రాగి నల్లబడి ఉండాది. విడిగా ఫ్యూజు లేదు, రిలే (ఎక్కువ కరెంటును బ్యాటరీ నుంచి నేరుగా పంపే స్విచ్చు) లేదు.

ఫ్యూజు అంటే గుర్తొచ్చింది, ఇది అన్నిటికంటే పెద్ద విషయం. మార్చిలో ఒకరోజు మా బామ్మర్ది గార్లదిన్నె దగ్గర టైరులో గాలి తగ్గిందని చిన్న గాలి మిషను మీ సాకెట్‌కు పెడితే ముందు సాకెట్, వెనక సాకెట్ రెండూ పోయినాయి. మీ సెంటర్‌కు తీసుకుపోతే ఫ్యూజు పోయింది అని రెండు నిమిషాల్లో మార్చి ఇచ్చినారు, డబ్బులు కూడా తీసుకోలేదు, మంచోళ్ళే అనుకున్నా. ఇప్పుడు ఎలక్ట్రీషియన్ అన్న ఫ్యూజు బాక్సు తెరిచి అట్లే ఆగిపోయినాడు. నీలం ఫ్యూజు, అంటే 15 ఆంప్స్‌ది ఉండాల్సిన చోట ఆకుపచ్చది, 30ది. ఆ సన్న వైరు 15 ఆంప్సే మోయలేదు, దాని ముందర 30 పెడితే ఫ్యూజు పోదు, వైరు కాలుతుంది, అదీ కార్పెట్ కింద. వెనక సీట్లో మా పాప పడుకుని వస్తుంటుంది సార్. టీకాలు పోతే నష్టం అని ఊరుకుంటా, దీన్ని మాత్రం ఊరుకోను.

ఆ వైరంతా పీకేయించి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టి, రిలే వేసి, రెండున్నర ఎంఎం వైరు రబ్బరు బుష్షులోంచి లోపలికి తెప్పించి కొత్తగా వేయించినా, 1,900 అయింది. ఇప్పుడు ఇంజన్ ఆపినా డిక్కీలో 12 పైనే చూపిస్తాంది. సాకెట్ మూతి మాత్రం మీదే, అది బాగానే ఉంది, లేని తప్పు చెప్పను.

నాకు కావాల్సింది కిట్, ఫిట్టింగ్ 2,350, పోయిన మందు 4,200, మళ్ళీ వేయించింది 1,900, మొత్తం 8,450. దాంతోపాటు ఒక లెటర్. నా కారు ఇంకా వారంటీలో ఉంది, సర్వీస్ సెంటర్ వాళ్ళు ఒరిజినల్ వైరింగ్‌లో జాయింటు చూసి ఎలక్ట్రికల్ వారంటీ రాదేమో అంటాండారు, అది మీ మనుషులు చేసిన జాయింటు అని మీరే రాసివ్వాల. ఇంకొకటి, ఆ సెంటర్‌లో ఈ ఎండాకాలం సాకెట్లు వేయించుకున్న వాళ్ళందరికీ ఫోన్లు చేసి పిలిపించి, ముందు ఫ్యూజు రంగు చూడండి. నా ఒక్కడి బండికే ఆకుపచ్చది పెట్టింటారని నేను నమ్మను.

పదిహేను రోజులు చూస్తా. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తా, దానికీ కదలకపోతే మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తా, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు, రెండేళ్ళ టైముంది, నాకేం తొందర లేదు. బిల్లు, మీటరు రీడింగుల ఫొటోలు, డబ్బా మీద రాసిన మాటల ఫొటో ఈ మెయిల్‌కు పెట్టినా. పీకిన వైరు, ఆకుపచ్చ ఫ్యూజు షాపులో కవర్లో కట్టి పెట్టినా, మీ మనిషిని పంపించి చూసుకోండి, కాకపోతే పొద్దున పది తర్వాత రమ్మనండి, అంతకుముందు నేను దొడ్ల కాడ ఉంటా.

ఇట్లు,
మీ కస్టమర్,
అనంతపురం