రేసు దిగకుంటే ముందు వైరు విప్పు

హన్మకొండ,
ఆదివారం

బిడ్డా,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. సద్దుల నాడు నువ్వు వీడియో కాల్ చేస్తావని ఫోన్‌ను బతుకమ్మ ముందు నిలబెట్టి చీకటి పడేదాకా చూసింది. తర్వాత పద్మాక్షి గుట్టకు పోయి వచ్చాం. నీకు పని ఉండి ఉంటుందిలే.

మొన్న స్వరూపత్త కొడుకు వచ్చి చాయ్ తాగుతూ ఒక మాట అన్నాడు. అక్కడ నువ్వు 1972 మోడల్ ఎంజీబీ కారు కొన్నావట. కాలు తీసినా రేసు దిగక, రౌండబౌట్ మధ్యలో గడ్డి మీదికి ఎక్కించి ఆపావట. మీ అమ్మ వంటింట్లో ఉంది, విననట్టే ఉంది. ఫోన్‌లో అడిగితే నవ్వి మాట మారుస్తావు, అందుకే రాస్తున్నా. తిట్టడానికి కాదు.

వానలు ఈసారి పోతూ పోతూ కూడా దంచాయి. పత్తి ఏరడానికి మనుషులు దొరకడం లేదని చిన్నాయన ఒకటే గొణుగుడు.

ఆ బండికి రెండు కార్బురేటర్లు కదా? ఆ ఇంజన్ నాకు పరాయిది కాదు. మన అంబాసిడర్‌ది 1489 సీసీ, నీ దానిది 1798. రెండూ బ్రిటన్ కంపెనీ బీఎంసీ వాళ్ల బీ సిరీస్ ఇంజన్లు, అన్నదమ్ముల పిల్లలు. ఇంజన్ ఆపి, చల్లారాక బోనెట్ ఎత్తు. యాక్సిలరేటర్ వైరు కార్బురేటర్ల దగ్గర విప్పి, త్రోటిల్‌ను, అదే లోపలికి గాలి వదిలే తలుపును, చేత్తో తెరిచి వదులు. టక్కున మూసుకుంటే తప్పు వైరుదో పెడల్‌దో. వైరులో ఒక్క పోగు తెగి విచ్చుకున్నా గొట్టంలో గీరుకుంటుంది. దానికి నూనె పోసి బుజ్జగించకు, కొత్తది వేయి.

వైరు విప్పినా మూసుకోలేదనుకో, రెండు కార్బురేటర్లనూ కలిపే షాఫ్ట్ క్లాంపులు వదులు చేసి ఒక్కోదాన్ని విడిగా చూడు. విడిగా ఉంటే బాగుండి, కలిపితే బిగుసుకుంటుంటే ఆ షాఫ్ట్ ఎక్కడో ఒరుసుకుంటోంది. పక్కలకు కొంచెం ఆట ఉంచి, రెండూ ఒకేసారి తెరుచుకునేట్టు బిగించు. ఒక్కటే పట్టేస్తుంటే దాని స్పిండిల్‌కు, అంటే త్రోటిల్ బిళ్ల తిరిగే ఇరుసుకు, మడ్డి పట్టి ఉంటుంది, లేదా ఆ బిళ్ల పక్కకు జరిగి గోడకు తగులుతోంది. బిళ్ల జోలికి మాత్రం నువ్వు పోకు. దాని స్క్రూల కొనలు చీలి ఉంటాయి, బిగించాక వాటిని విడదీయకపోతే ఊడి ఇంజన్‌లో పడతాయి. తెలిసినవాళ్లతో చేయించు. చోక్ పూర్తిగా లోపలికి పోతోందా అదీ చూడు.

త్రోటిల్‌ను వెనక్కి లాగే స్ప్రింగ్ గట్టిది వేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే వినకు. రోగమొకటి, మందొకటి. గట్టి స్ప్రింగ్ లాగీ లాగీ స్పిండిల్ అరుగుతుంది, అక్కడ గాలి పీల్చి, కాలు తీశాక ఇంజన్ స్లోలో నిలకడగా ఆడదు. ఈ తప్పు నేనే చేశాను.

1996 జాతరకు పెద్దబాపు అంబాసిడర్‌లో మేడారం పోతున్నాం. నా పక్కన మీ అమ్మ, వెనక మీ నాయనమ్మ, ఆమె ఎత్తు బంగారం, అదే మొక్కు బెల్లం, రెండు బస్తాలు. పస్రా దాటాక అడవిలో రేసు పట్టేసింది. ముందు ఎడ్లబండ్ల వరుస. క్లచ్ తొక్కి, తాళం తిప్పి, పక్కకు దింపాను. కార్బురేటర్ విప్పి పెట్రోల్‌తో కడిగాను. స్ప్రింగ్ మెత్తబడిందని నాకు నేనే తేల్చుకుని, ఎవరినో బతిమాలి సైకిల్ స్టాండ్ స్ప్రింగ్ తెచ్చి కట్టాను. తొక్కితే తొడ నొప్పి పుట్టింది. అర కిలోమీటరు పోయామో లేదో మళ్లీ అదే. మీ నాయనమ్మ వెనక నుంచి సమ్మక్కకు నా మీద చాడీలు మొదలుపెట్టింది. అప్పుడు మీ అమ్మ కిందికి వంగి, "ఈ గోనె ఏంది?" అంది. కింద రేకు తుప్పు పట్టి దుమ్ము లేస్తోందని నేనే పరిచిన గోనెపట్టా. దాని మడత పెడల్ మీదికి ఎక్కి కూర్చుంది. రెండు గంటలు! అప్పటికి నాకు పదకొండేళ్ల సర్వీసు. షెడ్డులో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు. నీ కాళ్ల కింద మ్యాట్ ఉంటే మాత్రం ఇప్పుడే తీసి డిక్కీలో పడెయ్.

బాగయ్యేదాకా బస్సులో పో. మళ్లీ ఎప్పుడైనా అట్లా అయితే క్లచ్, బ్రేకు కలిపి తొక్కి న్యూట్రల్ చేయి. ఇంజన్ అరుస్తుంది, అరవనీ. బండి ఆగాకే తాళం తీయి. నడుస్తుండగా తీస్తే స్టీరింగ్ లాక్ పడుతుంది. అక్కడ చలి మొదలైందట కదా, చెవులకు ఏమైనా కట్టుకుంటున్నావా? టాప్ లేని బండి అని కూడా చెప్పాడు వాడు.

నువ్వుల పిండి, మలీద పార్సిల్ కడుతున్నాం. పాత స్ప్రింగ్ పొడవు, లావు కొలిచి పంపితే అలాంటివే రెండు అందులో పెడతా. శుక్రవారం లోపు వైరు విప్పిన ఫోటో పంపు. అందులో నువ్వు కూడా కనపడాలి.

మీ అమ్మ ఇప్పుడే వచ్చి, "మ్యాట్ సంగతి రాశావా?" అని అడిగి పోయింది.

మీ బాపు