భద్రతకు ఎగుమతి ఆంక్షలా?

సంపాదకునికి,

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, అంటే సోర్స్ కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్, అందరిదీ అంటాం. అందులో ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని ఇతరులు చదవలేని సంకేతాలుగా మార్చే పద్ధతి) ఉంటే మాత్రం అమెరికా ఎగుమతి నిబంధనలు ఎదురొస్తాయి. వాటికి భయపడే, డెబియన్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసే బృందం ఒకప్పుడు ఎన్‌క్రిప్షన్ ప్యాకేజీలను అమెరికా వెలుపలి సర్వర్లలో విడిగా ఉంచింది. ఇన్‌స్టాల్ చేసుకునేవారు రెండు చోట్ల నుంచి తెచ్చుకోవాల్సి వచ్చేది! 2000లో నిబంధనలు సడలినా, 2002లో గానీ అవి ప్రధాన భాండాగారంలో చేరలేదు. ప్రామాణిక ఎన్‌క్రిప్షన్ వాడే బహిరంగ సోర్స్ కోడ్‌కు ప్రభుత్వానికి ఈమెయిల్ పంపాలన్న షరతును 2021లో తొలగించారు. సంతోషం. కానీ అమెరికా ఆర్థిక ఆంక్షల చట్టాలు వేరు. వాటివల్లే 2019లో గిట్‌హబ్ (ప్రోగ్రామర్లు కోడ్ దాచుకుని పంచుకునే అమెరికా వెబ్‌సైట్) ఇరాన్ వాసులకు అందించే సేవలకు కోత పెట్టింది. అమెరికా ప్రభుత్వం నుంచి లైసెన్స్ వచ్చాకే, 2021లో, పునరుద్ధరించింది. ప్రభుత్వాల తగవుకు విద్యార్థులను, ప్రోగ్రామర్లను శిక్షించడం అన్యాయం. అందరికీ కనిపించేలా ప్రచురించిన కోడ్‌ను, దాని భద్రతా సవరణలను ఏ దేశం వారైనా తీసుకోగలిగేలా ఈ చట్టాలన్నింటినీ సవరించాలి.

– ఒక పాఠకురాలు