మా వెనక రూములో ఒడియా అమ్మాయి కాన్పుకి సాయం చేసిన అందరికీ థ్యాంక్స్

అందరికీ నమస్తే. మొన్న రాత్రి రక్తం కావాలని గ్రూపుల్లో మెసేజ్ పెట్టింది నేనే. తల్లీ బిడ్డా ఇద్దరూ క్షేమం, ఆడపిల్ల, ఫోన్లు చేస్తన్న అందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తన్నా.

ఆ అమ్మాయి మొగుడు మా చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఇక్కడి రేషన్ కార్డు లేదు కాబట్టి ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నార్లే) రాదు, కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ ఆరోగ్య కార్డు ఉందిగానీ ఒడిశా అందులో చేరిందే 2025లో, వీళ్ళింకా ఆ కార్డు తీయించుకోలా, ఇంక మేస్త్రీ కింద పనిచేసేవాడికి ఈఎస్ఐ ఎవరు కడతారు చెప్పండి. నొప్పులు మొదలవగానే ఒక ప్రైవేటాసుపత్రికి తీసకపోతే ముందు ముప్పై వేలు కట్టమన్నారు. మేస్త్రీకి చేస్తే ఫోనెత్తలా.

మొదటి థ్యాంక్స్ మా ఆశా అక్కకి. "కార్డు సంగతి ఎందుకమ్మా, కాన్పుకి కార్డుతో పన్లేదు, 108కి కొట్టు" అంది. 2011 నుంచే ఉందంట జననీ శిశు సురక్ష అని ఒక కేంద్ర పథకం, గవర్నమెంటు ఆసుపత్రిలో ఏ రాష్ట్రం ఆమెకైనా కాన్పు, ఆపరేషను, మందులు, రక్తం, భోజనం అన్నీ ఫ్రీ, బిడ్డకి ఏడాదిలోపు జబ్బు చేసినా ఫ్రీనే. ఈ నాలుగు ముక్కలు క్వారీల దగ్గర ఒడియాలో, హిందీలో బోర్డు రాసిపెడితే ఎవరి సొమ్ము పోయిద్ది?

ఒంగోలు రిమ్స్‌లో (గవర్నమెంటు జనరల్ హాస్పిటల్, జీజీహెచ్ అని రాసున్నా మా నోటికి రిమ్సే) లేబర్ రూము డాక్టరమ్మలకి, సిస్టర్లకి చేతులెత్తి దండం. ఆ పిల్లకి తెలుగు రాదు, హిందీ అంతంతమాత్రం, ఏం చెప్పినా బెదురుచూపులే. అప్పుడు గుర్తొచ్చాడు పానీపూరీ బండి బరంపురం అన్న, ఆయనకి తెలుగూ ఒడియా రెండూ మంచినీళ్ళప్రాయం. మగాళ్ళని లోపలికి రానీరు గదా, ఆయన వరండాలో ఫోన్ పట్టుకుని నిలబడితే లోపల నేను స్పీకర్ పెట్టి ఆ పిల్ల చెవి దగ్గర పట్టుకున్నా. సిస్టరు "నొప్పొచ్చినప్పుడే ముక్కాలని చెప్పు" అంటే పాపం సిగ్గుతో నసుగుతన్నాడు, "గట్టిగా చెప్పవయ్యా" అని ఆమె కసిరేసరికి వరండా అదిరేట్టు ఒడియాలో అరిచాడు, బయట కూర్చున్నోళ్ళు బిత్తరపోయారంట.

హిమోగ్లోబిన్ ఆరున్నరే ఉంది. అర్ధరాత్రి బ్లడ్ బ్యాంకుకి వచ్చిన ఫ్యాక్టరీ కుర్రాళ్ళకి, ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకి చాలా థ్యాంక్స్. టంగుటూరు నుంచి బైకు మీద వచ్చిన తమ్ముడూ, టీ కూడా తాక్కుండా పోయావు, ఇది చూస్తే ఒక మెసేజ్ పెట్టు నాయనా.

బరంపురం అన్న ఆ సాయంత్రం బండి మూసేసి వచ్చాడు, ఉడకేసిన బఠానీలన్నీ పులిసిపోయాయి, డబ్బులిస్తే ముట్టుకోలా. చీమకుర్తి వాళ్ళు సాయంత్రం ఆయన బండి దగ్గర ఆగండి, కాకపోతే ఉల్లిపాయలు ఎక్స్‌ట్రా అడక్కండి, దానికి మాత్రం ఆయనకి కోపం.