క్యాన్సర్ వస్తుందంటే సరిపోదు, ఎలా వస్తుందో చెప్పించండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. 2003 నాటి పొగాకు చట్టంలో ఏముందో మీకు మేం చెప్పాల్సిన పని లేదు. ఆ చట్టం ప్రకారం బడికి 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదు కాబట్టి, అక్కడున్న సిగరెట్ బంకులు తీయించమని అర్జీలు ఇస్తూనే ఉన్నాం. రసీదు ఇస్తున్నారు, జవాబు ఇవ్వరు. అలిపిరి తనిఖీలో బీడీ కట్ట, సిగరెట్ పెట్టె తీసేయించాకే కొండెక్కనిస్తారు. కొండ కింద మాత్రం పిల్లలకు కూడా విడి సిగరెట్ దొరుకుతుంది. విడిగా కొన్నవాడికి పెట్టె మీద 85 శాతం మేర ఉండే హెచ్చరిక కనబడనే కనబడదు.

అంతకన్నా బాధ కలిగించేది మీ శాఖ ప్రచారం. 'పొగ తాగితే క్యాన్సర్' అని రాసి వదిలేస్తున్నారు. ఎలా వస్తుందో ఎవరూ చెప్పరు. అందుకే ఫిల్టర్ ఉంది కదా, బీడీ ఆకే కదా, రోజుకు రెండే కదా అనుకుంటున్నారు జనం.

పొగలో 7000కు పైగా రసాయనాలుంటాయి. వాటిలో 70 దాకా క్యాన్సర్ కారకాలు. బెంజోపైరీన్ అనేదాన్ని తీసుకోండి. దాన్ని కరిగించి బయటికి పంపాలని ఒంట్లోని ఎంజైములే మార్చడం మొదలుపెడతాయి. ఆ మార్పుల మధ్యలో పుట్టే పదార్థం డీఎన్‌ఏ రాతలో ఒక అక్షరం లాంటి గ్వానిన్‌కు అతుక్కుంటుంది. కణం చాలావాటిని సరిచేసుకుంటుంది. సరిచేసేలోపే కణం రెండుగా విడిపోతే తప్పు అక్షరం స్థిరపడిపోతుంది. దెబ్బతిన్న కణాన్ని ఆపాల్సిన టీపీ53 జన్యువులోనే ఆ తప్పు పడితే ఇక అడ్డుకునేది ఉండదు. శ్వాసనాళాల్లో కఫాన్ని పైకి నెట్టే సన్నటి నూగు కూడా పొగకు చచ్చుబడి, తారు లోపలే నిలుస్తుంది. ఇదంతా ఏళ్ల తరబడి, నొప్పి తెలియకుండా జరుగుతుంది. ఊపిరితిత్తి లోపలి కణజాలానికి నొప్పి తెలియదు మరి.

ఫిల్టర్ దీన్ని ఆపదు. గాలి రంధ్రాలున్న ఫిల్టర్‌తో తాగేవాళ్లు ఇంకా గట్టిగా పీలుస్తారు, పొగ లోతుగా వెళ్తుంది. బీడీ ఆరిపోకుండా మాటిమాటికీ పీల్చాలి, అందుకే తారు ఎక్కువే చేరుతుంది. సిగరెట్, బీడీ చివర కాలుతూ గాలిలో కలిసే పొగలో కొన్ని కారకాలు ఇంకా ఎక్కువ. ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు పీల్చేది దాన్నే.

ఇంకొక మాట, దయచేసి వినండి. తగ్గని దగ్గు, తెమడలో రక్తం కనబడగానే టీబీ అనుకుని మందులు మొదలుపెడితే నెలలు గడిచిపోతాయి. తెమడ పరీక్షలో టీబీ లేదని తేలిన పొగతాగే మనిషిని వెంటనే సీటీ స్కాన్‌కు పంపమని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు లిఖితంగా ఆదేశం ఇవ్వండి. చిన్న గడ్డ మామూలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు.

మానితే లాభం ఉందని కూడా చెప్పించండి. మానిన పదేళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు, మానని వాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి తగ్గుతుంది. మా తిరుపతిలోని జీవకోన, కోర్లగుంట లాంటి చోట్ల కూలికి పోయేవాళ్లకు అందేలా సాయంత్రం పూట సలహా, నికోటిన్ చూయింగ్ గమ్ ఉచితంగా ఇప్పించండి. పొగాకు మానడానికి సాయం చేసే 1800-11-2356 ఫోన్ నంబరు ప్రతి ఆరోగ్య కేంద్రం గోడ మీద పెద్దగా రాయించండి. బంకుల మీద మేమిచ్చిన అర్జీలకు, అవునో కాదో, రాతపూర్వకంగా జవాబు ఇప్పించండి.

ఇట్లు,
తిరుపతి పౌరులు కొందరు