పాలసీసా మీద రసాయనాల పేర్లు రాయాలి
పసిపిల్లల పాలసీసాల ప్లాస్టిక్‌లో ఏ రసాయనాలున్నాయో కొనేవాళ్లకు తెలిసే దారి లేదు. మా మనవరాలికి కొన్న సీసా మీద ‘బీపీఏ రహితం’ అని పెద్ద అక్షరాలున్నాయి; బదులుగా ఏం వాడారో ఎక్కడా లేదు. బీపీఏ, అంటే బిస్ఫినాల్‌-ఎ, హార్మోన్ల పనికి అడ్డు తగులుతుందన్న భయంతోనే యూరోపియన్ యూనియన్ 2011లో పాలసీసాల్లో దాన్ని నిషేధించింది. తర్వాత కొన్ని వస్తువుల్లో దాని చోటికి వచ్చిన బిస్ఫినాల్‌-ఎస్‌దీ అదే గుణం. అన్నను పంపేసి తమ్ముణ్ని కూర్చోబెట్టినట్టుంది! పైగా మా ఇంట్లోనే మరిగిన నీళ్లు నేరుగా ప్లాస్టిక్ సీసాలో పోసి పాలపొడి కలుపుతుంటే చూశాను. వేడి పెరిగేకొద్దీ ప్లాస్టిక్‌లోని రసాయనాలు పాలలోకి ఎక్కువగా దిగుతాయి, అదీ మెదడు ఎదిగే వయసులో. వాడిన రసాయనాలు, తట్టుకునే వేడి సీసా మీద ముద్రించడం తప్పనిసరి చేయాలి. స్టీలు గిన్నెలో కలిపి, చల్లారాకే సీసాలో పోయమని ప్రసవమైన ఆసుపత్రిలోనే తల్లులకు చెప్పి పంపాలి.