‘పడదు’ అని రాసి వదిలేస్తే సరిపోదు

సంపాదకుడు గారికి,

అంగన్‌వాడీ భోజనం మీద పదిరోజుల కిందట మీరు వేసిన వార్తలో, ‘గుడ్డు పడని పిల్లలుంటే వాళ్ళకు గుడ్డు పెట్టకపోతే సరి’ అని ఒక అధికారి అన్నారు. అప్పటి నుంచి ఆ మాట మనసులో మెదులుతూనే ఉంది. గుడ్లు ఒలిచిన చేత్తోనే అన్నం కలిపి పెడితే, గుడ్డు ముట్టని పిల్లాడికీ దద్దుర్లు లేవచ్చు. ఈ సంగతి వంట దగ్గర నిలబడి చూసినవాళ్ళకు తెలుస్తుంది.

అసలు చిక్కు ‘పడదు’ అన్న మాటతోనే. పాలు తాగితే కడుపు ఉబ్బి విరేచనాలయ్యే పిల్లకూ పాలు పడవంటాం, చుక్క తగిలితే పెదవులు వాచి పిల్లికూతలు వచ్చే పిల్లకూ పడవంటాం. మొదటిది పాలలోని చక్కెర అరగకపోవడం. అలాంటి పిల్లలు చాలామంది పెరుగు తినగలరు. రెండోది పాల ప్రోటీన్‌తో వచ్చే అలర్జీ. నీళ్ళు కలిపినా, తోడుపెట్టినా ముప్పే. రిజిస్టర్‌లో మాత్రం ఇద్దరి పేర్ల పక్కనా అదే ముక్క. పాలు పడవని తల్లి చెప్పినా అంగన్‌వాడీ నుంచి పసిపిల్లలకిచ్చే పొడి ఆహారం బాలామృతం రెండున్నర కిలోల ప్యాకెట్ నెలనెలా ఇంటికి వెళ్తూనే ఉంటుంది. అందులో గోధుమ, శనగపప్పు, చక్కెర, నూనెతో పాటు పాలపొడి ఉందని ఆ తల్లికి చెప్పేదెవరు?

ప్యాకెట్ మీద రాసి ఉంటుంది కదా అంటారు. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబుల్ నిబంధనల్లో, అలర్జీ తెచ్చేవని ప్యాకెట్ మీద విడిగా చెప్పాల్సిన వాటిలో గోధుమ, పాలు, గుడ్డు, చేప, రొయ్య, పల్లీ, సోయా వంటివి ఉన్నాయి. నువ్వులు, శనగలు లేవు. మన పిల్లల చేతిలో రోజూ ఉండేవి ఆ రెండే. విడిగా అమ్మే చిక్కీకి ఆ లేబులూ ఉండదు.

వంటింట్లో చేయాల్సింది పెద్ద ఖర్చున్న పని కాదు. అలర్జీ ఉన్న పిల్లకు ముందుగా వడ్డించి, తర్వాత మిగతావాళ్ళకు వడ్డించాలి. ఆ పిల్లకు వేరే రంగు గిన్నె, వేరే గరిటె ఉండాలి. పల్లీపొడి వేసిన కూరలోంచి ముక్కలు ఏరి పెట్టడం కుదరదు, పొడి వేయకముందే కాస్త తీసి పక్కన పెట్టాలి. శానిటైజర్ రుద్దితే పల్లీ ప్రోటీన్ చేతులు వదలదు, సబ్బు పెట్టి కడగాలి. గుడ్డు మానిపించి అరటిపండు ఇస్తే సరిపోయిందనుకుంటారు. గుడ్డులో ఆరు గ్రాముల ప్రోటీన్ ఉంటే అరటిపండులో ఉండేది ఒక గ్రాము. పాతిక గ్రాముల పెసరపప్పు అదనంగా వండి పెడితే ఆ లోటు తీరుతుంది. ఇక డాక్టర్‌కు చూపించకుండానే గుడ్డు, పాలు, పప్పు అన్నీ ఒకేసారి మానిపించే తల్లిదండ్రులూ ఉన్నారు. అలా చేస్తే పిల్లల బరువు పడిపోతుంది.

తిన్న కాసేపటికే గొంతు బొంగురుపోయి, ఆయాసంతో పిల్ల వాలిపోతే దద్దుర్లకు వాడే సెటిరిజిన్ సిరప్ ప్రాణం కాపాడదు. అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి. 1:1000 గాఢత మందయితే కిలో బరువుకు 0.01 మి.లీ. చొప్పున, 15 కిలోల పిల్లకు 0.15 మి.లీ., తొడ బయటి వైపు కండలోకి ఇస్తారు. టీకాల రోజున, టీకాలు వేసే నర్సు ఏఎన్ఎం కిట్‌లో ఆ ఆంపూల్ ఉంటుంది, సాయంత్రం ఆమెతో పాటే వెళ్ళిపోతుంది. మిగతా రోజుల్లో మనకున్నది 108 ఒక్కటే. అది వచ్చేదాకా పిల్లను నడిపించకూడదు, పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టాలి. ఊపిరి తీయడం కష్టమవుతుంటే కూర్చోబెట్టాలి. ఈ నాలుగు మాటలు టీచర్లకు నేర్పించడానికి ఒక పూట దొరకదా? యాప్‌లలో బరువులు, ఎత్తులు, ఫొటోలు ఎక్కించడంతోనే వాళ్ళకు పొద్దుగూకుతోంది. తనిఖీకి వచ్చినవాళ్ళు చూసేది రిజిస్టర్లే, వంటగదిలోకి తొంగిచూసేవాళ్ళు కరువయ్యారు. వేలకు వేలు ఫీజు పుచ్చుకునే ప్లేస్కూళ్ళ పరిస్థితీ ఇంతే. అడ్మిషన్ ఫారంలో ‘అలర్జీ: అవును/కాదు’ అని గడి పెట్టి దాన్ని ఫైల్లో వేసేస్తారు. టిఫిన్ పెట్టే ఆయాకు ఆ ఫైలు కనిపించదు.

పిల్లకో కాగితం చాలు. ఏది పడదు, ఎంత తింటే, ఎంతసేపటికి, ఏమైంది, డాక్టర్ ఏమన్నారు, బదులు ఏం పెట్టాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి అందులో ఉండాలి. దాని మీద పిల్ల ఫొటో అంటించి, పొయ్యి పక్కన గోడకు, ఆయా కంటికి ఆనేలా పెట్టాలి. టీచర్ సెలవు పెడితే బదులు వచ్చే మనిషి ముందు అది చదివాకే గరిటె పట్టాలి. జిల్లా అధికారులు ఈ నెల అంగన్‌వాడీ టీచర్ల సెక్టార్ మీటింగ్‌లోనే ఆ కాగితం నమూనా పంచాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత ఐసీడీఎస్ సూపర్‌వైజర్,
హనుమకొండ