ఆ వంపు దగ్గర ఇద్దరే ఉన్నార్రా

ఏరా, ఎలా ఉన్నావు? రేసు ఎలా జరిగిందో రాయమన్నావుగా, రాస్తున్నా. ఫోన్ చేద్దామనుకున్నా గానీ మొదలుపెడితే అరిచేస్తానేమోనని ఊరుకున్నా. నువ్వు రేసుల్లో మార్షల్‌గా, అంటే రోడ్డు పక్కన నిలబడి రైడర్లని హెచ్చరించడానికి జెండా పట్టినవాడివి, నీకైతే ప్రతిదీ విడమర్చి చెప్పక్కర్లేదు. అందుకే ఈ కోపమంతా నీ మీదే కక్కుతున్నా, భరించు.

ముందే చెప్పేస్తా, పడిపోవడం గురించి కాదు నా గొడవ. మామూలు రోడ్డు మూసేసి బైక్ రేసు పెడితే పడతారు. రేసుల కోసమే కట్టిన సర్క్యూట్‌లో జారినవాడు చాలాసార్లు కంకరలోకి దొర్లిపోయి లేచి దులుపుకుంటాడు, ఇక్కడేమో పక్కనే గోడ, స్తంభం, ఫుట్‌పాత్ అంచు. అది తెలిసే వస్తారు రైడర్లు. కానీ ఒకడు పడ్డాక వాడి బండి మీదకి ఇంకొకడు వచ్చి పడితే దాన్ని రేసింగ్ అనకూడదు. ఈ శని, ఆదివారాలు నేను చూసిందంతా దాదాపు అదే.

శనివారం క్వాలిఫయింగ్, రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే సెషన్. చిన్న వంతెన దాటగానే కుడికి తిరిగే వంపు ఒకటుంది, అక్కడ నిలబడ్డా. వంతెన ఎక్కేదాకా అవతల ఏముందో రైడర్‌కి కనపడదు. అలాంటి చోట ముందు ప్రమాదముంది జాగ్రత్త అని చెప్పే ఎల్లో ఫ్లాగ్ వంతెనకి ఇవతలే ఉండాలా వద్దా? మార్షల్స్ నిలబడే పోస్టులో ఇద్దరు కుర్రాళ్లు, ఇద్దరూ వంపు లోపలే. ఒక జత జెండాలు, ఒక రేడియో. ఆ రేడియోలో అవతలివాళ్ల మాట వీళ్లకి వినపడుతుంది గానీ వీళ్ల మాట అవతలికి పోదు. ఈ ముక్క తర్వాత వాళ్లే చెప్పారు.

సెషన్ మొదలైన కాసేపటికే ఒకడికి బ్రేక్ పట్టేచోట ముందు చక్రం జారింది. మనిషి లేచి కుంటుకుంటూ గోడ దాటేశాడు, బండి మాత్రం రోడ్డు మధ్యలో ఉండిపోయింది. ఇద్దరు కుర్రాళ్లూ ఒకేసారి బండి కోసం పరుగెత్తారు. ఇద్దరూ! జెండా పోస్టులోనే ఉంది. పైగా వచ్చే బండ్లకి వీపు పెట్టి వంగి బండి లేపుతున్నారు. మేం గోడ అవతల నుంచి గొంతు చించుకుంటున్నాం. గంటకి 200 కిలోమీటర్లంటే సెకనుకి 55 మీటర్లు రా, జెండా నాలుగు సెకన్లు ఆలస్యమైతే 220 మీటర్లు పోయినట్టే. తర్వాత వచ్చినవాడు వాళ్లని చూసి బ్రేక్ పిండాడు, కిందపడ్డాడు, వాడి వెనకవాడు నేరుగా వచ్చి రోడ్డు మీదున్న బండిని గుద్దాడు. కుర్రాళ్లు గోడ మీదకి దూకారు కాబట్టి బతికారు, అంతే.

సెషన్ ఆపేసే రెడ్ ఫ్లాగ్ మాత్రం ఎంతకీ రాదే! పోస్టులో ఉన్నవాడు తనంతట తాను రెడ్ ఊపేయకూడదు, రేసు మొత్తాన్ని నడిపే రేస్ కంట్రోల్ చెప్పాలి. వాళ్లకి తెలియాలంటే ఇక్కడినుంచి కబురు వెళ్లాలి. రేడియో సంగతి చెప్పానుగా. చివరికి జనంలోంచి ఒకాయన పరుగెత్తుకుంటూ పక్క పోస్టుకి వెళ్లి చెబితే అప్పుడు ఆపారు.

తర్వాత ఆయిల్. గుద్దిన బండి ఇంజన్ పగిలి రోడ్డంతా కారింది. చీపుళ్లు తెచ్చి ఊడ్చారు, పొడి చల్లారు, అదీ రైడర్లు వంగే లైన్ మీద కాదు, బండి ఆగిన చోట. సెషన్ మళ్లీ మొదలైంది. రోడ్డు జారుతోందని చెప్పే పసుపు మీద ఎర్ర చారల జెండా బయటికి రానేలేదు, ఆ జెండా దేనికో ఆ కుర్రాళ్లకి ఎవరూ చెప్పలేదట. మొదటి ల్యాప్‌లోనే ఇద్దరు ఒకే చోట జారారు. 1973లో ఇటలీలోని మోంజా ట్రాక్‌లో రైడర్లు పసోలినీ, సారినెన్ చనిపోయింది నీకు గుర్తుందిగా, ముందు జరిగిన 350 సీసీ రేసులో కారిన ఆయిల్ వల్లా, పసోలినీ ఇంజన్ బిగుసుకుపోయిందా అని ఇప్పటికీ వాదించుకుంటారు. అంత కథ నడిచాక కూడా ఆయిల్ మీద బండ్లు వదలడానికి వీళ్లకి చేతులెలా వచ్చాయో.

ఆదివారం ఇంకా ఘోరం. పొద్దున్నే మైకులో పిలిచారు, ఖాళీగా ఉన్నవాళ్లెవరైనా సాయానికి రండని. వెళ్లినవాళ్లకి మెరిసే జాకెట్, చేతిలో జెండా, ఐదు నిమిషాల ఉపదేశం. అంతే, మార్షల్స్! ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో మామూలు రోడ్ల మీద జరిగే టీటీ రేసుల్లో 60 కిలోమీటర్ల కోర్సు చుట్టూ కనీస సంఖ్యలో మార్షల్స్ చేరకపోతే సెషన్ మొదలే పెట్టరు, చూడ్డానికి ఎంతమంది వచ్చి కూర్చున్నా సరే. అక్కడా తప్పులు జరగలేదని కాదు. 2018లో రైడర్ డాన్ నీన్ చనిపోయిన ప్రాక్టీస్‌లో రెడ్ ఫ్లాగ్ పడ్డాక రైడర్లని కోర్సు మీద వెనక్కి పంపితే ఎదురుగా వచ్చిన అధికారిక కారు మరో రైడర్ స్టీవ్ మెర్సర్‌ని గుద్దింది. ఇక్కడ కూడా రెడ్ పడగానే జనం రోడ్డు దాటడం మొదలుపెట్టారు, బండ్లు ఇంకా వస్తూనే ఉన్నాయి! ఆపేవాడు లేడు.

ఆఖరి రేసులో ఒకడు గోడకి కొట్టుకుని కదలకుండా పడిపోయాడు. కొత్తగా జాకెట్ వేసుకున్న నలుగురు పరుగెత్తి కాళ్లూ చేతులూ పట్టుకుని పక్కకి ఎత్తేశారు. మెడకి ఏ ఆధారం లేదు. డాక్టర్ దూరం నుంచి వద్దు వద్దని చేతులూపుతూ పరుగెత్తుకొస్తున్నాడు. నాకు వెంటనే 2003లో జపాన్‌లోని సుజుకా ట్రాక్‌లో జరిగింది గుర్తొచ్చింది. రైడర్ దైజిరో కాటో పడ్డాక రేసు ఆపలేదు, అతన్ని కదిపిన తీరు మీద ఎన్ని విమర్శలొచ్చాయో నీకూ తెలుసు. మోటోజీపీ, అదే ఆ ప్రపంచ బైక్ రేసుల సిరీస్, మళ్లీ ఆ ట్రాక్‌కి వెళ్లనే లేదు. ఇక్కడ పడ్డ మనవాడు మాత్రం కాళ్లూ చేతులూ కదుపుతున్నాడట, స్పృహలోనే ఉన్నాడట. సాయంత్రం విన్నా, హమ్మయ్య అనుకున్నా.

ఆ కుర్రాళ్లని తిట్టకు. శనివారం సెషన్ అయ్యాక వాళ్ల దగ్గరికి వెళ్లా, ఒకడి చేతులు ఇంకా వణుకుతున్నాయి. పొద్దున్నుంచి వాళ్లకి మంచినీళ్లిచ్చిన నాథుడు లేడు. మొదటిసారి వచ్చారట, పక్కన అనుభవమున్న ఒక్క మనిషినీ పెట్టలేదు. పోస్టులు సగం ఖాళీ అని తెలిసి కూడా రేసు వదిలినవాళ్లది తప్పు. స్పాన్సర్ల బ్యానర్లు కట్టడానికి మాత్రం ఎక్కడ చూసినా మనుషులే! సాయంత్రం మైకులో "చిన్న చిన్న సంఘటనలు తప్ప వారాంతం విజయవంతం" అంటుంటే చెవులు మూసుకున్నా.

నిర్వాహకులకి ఉత్తరం రాస్తున్నా, మర్యాదగానే. నువ్వో చూపు చూడాలి. సెషన్‌కి ముందు ప్రతి పోస్టు నుంచి రేడియోలో మాట తిరిగి వస్తేనే రోడ్డు వదలాలన్నది మొదట పెట్టా. మీ రోజుల్లో ఆ రేడియో చెక్ చేసి కాగితం మీద ఎవరు సంతకం పెట్టేవారు, పోస్టు పెద్దా లేక కంట్రోల్ వాళ్లా? ఈ వారంలో చెప్పరా, పంపేస్తా.